మూకీ చిత్రాలలో పెండ్లి పరీక్ష

ఉగాదినాడు పచ్చడిలోని వేపపూత చేదు నోటిని వదలకముందే పంచాంగ శ్రవణానికి కూర్చుంటాము. నవనాయకులు, వానలు, పంటలు అంతగా చెవిని వేసుకోనివారు సైతం ఆదాయవ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివేవేళకు సర్దుకొని నిటారుగా కూర్చుంటారు. మన రాశికి రాజపూజ్యం రెండే వచ్చి అవమానం ఆరు వచ్చిందనుకోండి, జ్యోతిషంలో నమ్మకం లేదనే పెద్దమనిషి ముఖం కూడ కాస్త చిన్నబోతుంది. ఎంత చదివినా, ఎంత గడించినా, నలుగురిలో తాను తగినవాడననిపించుకోవాలన్న తపన మనిషిని వదలదు. అందులోను పెండ్లిమాట వచ్చినప్పుడు ఆ తపన పదింతలవుతుంది.

మన పురాణాలు ఈ సంగతిని ఏనాడో గుర్తించినవి. శివధనుస్సును ఎక్కుపెట్టినవానికే సీత అన్నాడు జనకుడు. మత్స్యయంత్రాన్ని కొట్టినవానికే ద్రౌపది అన్నాడు ద్రుపదుడు. ఇటువంటి కన్యను వీర్యశుల్క అన్నారు. పరాక్రమమే ఆమెకు చెల్లించవలసిన శుల్కమని భావం. సరే, రాజకుమారుల సంగతి అలా ఉంచండి. విల్లూ లేదు, యంత్రమూ లేదు, ఉన్నదల్లా వారం వారం వచ్చే చాలీచాలని జీతం. అటువంటి గుమాస్తా కుర్రవాడు దేనిని ఎక్కుపెట్టాలి? ఈ ప్రశ్నను పట్టుకొని సుమారు నూరు సంవత్సరాల క్రితం అమెరికాలో కొందరు హాస్యనటులు ఒక్క మాట మాట్లాడకుండ లోకాన్ని నవ్వించారు. ఆ మూకీ చిత్రాలను గూర్చి, వాటిలోని పెండ్లి పరీక్షలను గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పాలని మా సంకల్పం.

1895లో లూమియర్ సోదరులు పారిస్ నగరంలో టిక్కెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపించారు. 1927లో ‘ది జాజ్ సింగర్’ తెరమీదినుంచి పాటా మాటా వినిపించింది. ఈ రెంటికీ నడుమ గడిచిన ముప్పది రెండేండ్లే ప్రధానంగా మూకీల కాలం. మన దేశంలో అది మరి నాలుగైదేండ్లు సాగింది. మూకీ అన్న పేరేగాని హాలులో నిశ్శబ్దం ఉండేది కాదు. తెర ప్రక్క వాద్యాలు మ్రోగేవి. నడుమ నడుమ వచ్చే అక్షరాలను చదువు వచ్చినవారు ప్రక్కవారికోసం పైకి చదివేవారు. కొన్నిచోట్ల కథ చెప్పడానికే ఒక మనిషిని నియమించేవారు.

మనమున్న ఈ చెన్నపట్నంలో ఆ బొమ్మలకు ఇల్లు కట్టి కూర్చోబెట్టినవాడు తెలుగువాడే. రఘుపతి వెంకయ్య గారు మచిలీపట్నంలో పుట్టి, ఇక్కడికి వచ్చి, ఫోటోలు తీసి జీవించినవారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోను అనే యంత్రాన్ని తెప్పించుకొని ఊరూరా తిరిగారు. బర్మాకు, సింహళానికి కూడ దానిని మోసుకుపోయి బొమ్మలు చూపించారు. తిరిగివచ్చి గెయిటీ, క్రౌను, గ్లోబు అనే సినిమాహాళ్లు కట్టించారు. వలసవచ్చినవాడు పరాయిచోట తన యోగ్యతను ఎట్లా నిరూపించుకోవాలో ఆయనకు ఏ అమెరికా చిత్రమూ నేర్పనక్కర లేకపోయింది.

1927లో ప్రభుత్వం ఒక సినిమా విచారణ సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షులు కూడ మన చెన్నపట్నపు న్యాయవాది టి. రంగాచారి గారే. ఆ సంఘం 1928లో ఇచ్చిన నివేదికను బట్టి అప్పట్లో ఈ దేశంలో ఆడే చిత్రాలలో అధికభాగం విదేశాలవి. వాటిలోను అమెరికావే ఎక్కువ. ఆనాటి ప్రేక్షకులు ఎటువంటి ఇండ్లనుంచి వచ్చి ఆ బొమ్మలు చూచారో కూడ ఒకసారి తలచుకోవాలి. పిల్లకు పదునాలుగు, పిల్లవానికి పదునెనిమిది నిండనిదే పెండ్లి చేయరాదని శారదా చట్టం వచ్చింది 1929లో. అమలైనది 1930 ఏప్రిల్ 1న. అంటే తెరమీద ఒక యువకుడు ఒక యువతి మనసు గెలవడానికి నానాతంటాలు పడుతూ ఉంటే, చూచేవారిలో ఎందరికో ఊహ తెలియకముందే మూడుముళ్లు పడిపోయినవి. ప్రేమించడం, తగినవాడనిపించుకోవడం, ఆ పిమ్మట పెండ్లి అనే వరుస వారికి కథలలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు.

ఇక చిత్రాలకు వద్దాము. మొదట చెప్పవలసినది హెరాల్డ్ లాయిడ్ నటించిన 1923 నాటి ‘సేఫ్టీ లాస్ట్’. గుండ్రని కళ్లజోడు, గడ్డిటోపీ, ఎప్పుడూ ఆశ చావని ముఖం ఆయన వేషం. చిత్రం ఆరంభంలో కథానాయకుడు కటకటాల వెనుక నిలబడి ఉంటాడు. వెనుక ఉరిత్రాడు వ్రేలాడుతూ ఉంటుంది. తల్లీ, ప్రియురాలూ కన్నీళ్లు పెట్టుకొంటూ ఉంటారు. పాపం, ఉరితీస్తారు కాబోలు ననుకొంటాము. మరుక్షణంలో కెమెరా చోటు మారుతుంది. అది రైలుస్టేషను, కటకటాలు ప్లాటుఫారం కంచె, ఉరిత్రాడనుకొన్నది పరుగెత్తే రైలు అందుకొనేటందుకు తపాలాకాగితం తగిలించే ఉచ్చు. కుర్రవాడు పల్లె విడిచి పట్నం పోతున్నాడు, అంతే. పొట్ట చేతబట్టుకొని రైలెక్కినవారికి ఈ హాస్యంలోని నిజం వేరుగా చెప్పనక్కర లేదు.

పట్నంలో నిలద్రొక్కుకోగానే నిన్ను పిలిపించుకొంటాను, పెండ్లి చేసుకొందామని అతడు ఆ అమ్మాయికి మాట ఇచ్చి పోతాడు. దొరికిన ఉద్యోగమో, పెద్ద అంగడిలో బట్టలు కొలిచి ఇచ్చే గుమాస్తాగిరీ. ఇంటి అద్దె కట్టలేక, గది యజమానురాలు వస్తే గోడకు తగిలించిన కోట్లలో దూరి దాగుకొంటాడు. కాని ఊరికి వ్రాసే ఉత్తరాలలో మాత్రం తాను పెద్ద ఉద్యోగి. ఉత్తరంతోపాటు ఒక పతకం పంపిస్తాడు. దానికోసం గదిలో మిత్రునితో ఉమ్మడిగా ఉన్న గ్రామఫోను తాకట్టుకు పోతుంది. పతకానికి గొలుసు లేకపోతే బాగుండదు గదా! మరొకసారి నగల దుకాణంలో గొలుసు బేరమాడుతూ, చేతిలోని నాణేలు ఒక్కొక్కటే బల్లమీద పెడుతూ ఉంటాడు. అతని కళ్లముందు ఆనాటి మధ్యాహ్నభోజనం పళ్లెం నిండుగా కనిపిస్తూ ఉంటుంది. ఒక నాణెం పోతే ఒక వంటకం మాయం. మరొకటి పోతే మరొకటి మాయం. చివరకు గొలుసు మిగులుతుంది, భోజనం మిగలదు. ఆకలి అన్న మాట ఎక్కడా లేకుండ ఆకలిని ఇంత సూటిగా చూపిన దృశ్యాన్ని మేము వేరొకచోట చూడలేదు.

ఆ కానుకలు చూచిన అమ్మాయి తల్లి, అంత డబ్బుతో పట్నంలో కుర్రవాడు ఒంటరిగా ఉండడం మంచిది కాదంటుంది. పిల్ల చెప్పాపెట్టకుండ వచ్చి అంగడిలో నిలబడుతుంది. అతడు మేనేజరుగా నటించవలసి వస్తుంది. ఇంతలో అంగడికి జనాన్ని రప్పించేవానికి వెయ్యి డాలర్లు ఇస్తానని అసలు మేనేజరు అనడం అతని చెవిని పడుతుంది. గోడలు ప్రాకడంలో నేర్పరియైన మిత్రునిచేత పన్నెండంతస్తుల మేడ ఎక్కించి, వచ్చినదానిలో సగం ఇస్తానంటాడు. తీరా ఆ రోజున మిత్రుని పోలీసువాడు తరుముతూ ఉంటాడు. ఒక్క అంతస్తు నీవు ఎక్కు, ఆపైన నేనందుకొంటానంటాడు మిత్రుడు. ఒకటి రెండవుతుంది, రెండు మూడవుతుంది. పావురాలు మీద వాలుతవి. టెన్నిసు వల మీద పడుతుంది. ఎలుక పంట్లాంలో దూరుతుంది. చివరకు గోడగడియారం ముల్లు పట్టుకొని వీథిమీద వ్రేలాడతాడు. ఆ చిత్రం చూడనివారు సైతం ఆ గడియారపు బొమ్మను ఎరుగుదురు. మేడపైన ప్రియురాలు చేతులు చాచి ఉంటుంది. అవమానం పన్నెండంతస్తులు, రాజపూజ్యం ఒక్క ముద్దు!

ఈ నటుని కుడిచేతికి బొటనవ్రేలు, చూపుడువ్రేలు లేవని ప్రేక్షకులకు తెలియదు. 1919లో ఫోటో తీయించుకొనేటప్పుడు, ఉత్తుత్తి బాంబు అనుకొన్నది చేతిలో ప్రేలి ఆ వ్రేళ్లు పోయినవి. లోపం కనిపించకుండ తొడుగు వేసుకొని ఆయన ఆ గోడలు ప్రాకాడు. కెమెరాను మేడల కప్పులమీద అమర్చి, అక్కడే గోడలు కట్టి, క్రింద వీథి కనిపించేటట్లు తీశారన్నమాట నిజమే. అయినా ఎనిమిది వ్రేళ్లతో వ్రేలాడినవాడు ఆయనే. ఆ చిత్రంలోని అమ్మాయి మిల్‌డ్రెడ్ డేవిస్ ను అదే 1923లో వివాహమాడాడు. 1969లో ఆమె మరణించేవరకు ఆ దాంపత్యం నిలిచింది.

ఇటీవల మన సంఘం పిల్లలకు ఈ చిత్రం వేసి చూపించాము. మాటలు లేని బొమ్మను నేటి పిల్లలు చూస్తారా అని మాకు శంక. చూడడమేమిటి, కుర్చీలలో నిలువలేదు! దీపాలు వేసిన తరువాత పది పన్నెండేండ్ల కుర్రవాడొకడు వచ్చి, “అంత మేడ ఎక్కగలిగినవాడు, నేను గుమాస్తానేనని ఒక్కమాట చెప్పలేకపోయాడా అండీ?” అని అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. పెద్దవాళ్లం ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నాము. ఎందుకంటే ఆ ఉత్తరాలు మన ఇండ్లలోనివి కూడ. ఊరు విడిచి వచ్చినవారి ఉత్తరాలలో “ఇక్కడ కులాసా, మీరు దిగులు పడవద్దు” అన్న వాక్యం క్రింద ఎన్ని పస్తులు దాగినవో వ్రాసినవారికే తెలుసు. ఊరికి పోయినప్పుడు అరువు తెచ్చిన కోటూ, చేతిగడియారమూ ఎరుగని వలసజీవి ఉంటాడా? చిత్రంలో ఆ అమ్మాయికి నిజం తెలిసిందో లేదో చివరివరకూ చెప్పరు. నవ్వులో పడి మనమూ అడగము. ఆ కుర్రవాడు అడిగాడు.

అతనికి జవాబు వెదకుతూ మిగిలిన చిత్రాలను మళ్లీ చూచాము.

లాయిడ్ దే 1924లో ‘గర్ల్ షై’ అని మరొకటి ఉన్నది. ఇందులో కథానాయకుడు చిన్న ఊళ్లో దర్జీ దగ్గర పని నేర్చుకొనే కుర్రవాడు. ఆడపిల్ల ఎదురైతే నత్తి. ఎవరైనా ఈల వేస్తే తప్ప ఆ నత్తి వదలదు. అటువంటివాడు స్త్రీలను వశపరచుకొనే విధానాన్ని బోధిస్తూ గ్రంథం వ్రాస్తాడు! ప్రచురణకర్తల కచేరీలో అందరూ పకపక నవ్వుతారు. తనకు ఏ యోగ్యతా లేదని తేలిపోయిందనుకొని, తాను ప్రేమించిన ధనవంతుల పిల్లతో ఇదంతా వేళాకోళానికేనని అబద్ధమాడి ఆమె మనసు విరిచేస్తాడు. నిజానికి ఆ గ్రంథాన్ని హాస్యగ్రంథంగా అచ్చువేయడానికి నిశ్చయించి వారు చెక్కు పంపిస్తారు. తిరస్కారపత్రమనుకొని దానిని విప్పకుండనే చించివేస్తాడు. ముక్కలు చూచి మామ అది చెక్కని కనిపెట్టవలసి వస్తుంది. తరువాత ఆ అమ్మాయి పెండ్లి ఇదివరకే పెండ్లియైన మోసగానితో జరుగబోతున్నదని తెలిసి, కార్లు, గుర్రాలు, ట్రాముబండి, ఏది దొరికితే అది ఎక్కి పెండ్లిపీటలదాకా పరుగెత్తుతాడు. తీరా చేరిన తరువాత నత్తి అడ్డువచ్చి మాట పెగలదు. చేసేదిలేక పెండ్లికూతురిని భుజాన వేసుకొని బయటపడతాడు. మాటరాని మనిషి కథను మాటరాని చిత్రం చెప్పింది. యోగ్యత లేదని లోకం అనకముందే తనకు తానే తీర్పు చెప్పుకోవడం ఎంతటి చేటో ఇందులో చూడవచ్చును.

రెండవవాడు బస్టర్ కీటన్. ఈయన నవ్వడు, మనం నవ్వకుండ ఉండలేము. 1926 నాటి ‘ది జనరల్’ ఆయన చిత్రాలలో తలమానికం. 1862లో అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది మనుషులు దక్షిణాదివారి రైలింజనొకటి దొంగిలించుకొని పోయిన ఉదంతం దీనికి మూలం. ఆనాటి అసలు ఇంజను ఇప్పటికీ జార్జియా రాష్ట్రంలోని ఒక ప్రదర్శనశాలలో ఉన్నది. కథానాయకుడు జానీ ఇంజను డ్రైవరు. అతనికి ఇద్దరు ప్రియురాండ్రు: ఒకరు అనబెల్లీ, రెండవది ఇంజను. యుద్ధం రాగానే అందరికంటె ముందు పరుగెత్తి సైన్యంలో చేరబోతాడు. డ్రైవరుగానే నీవు ఎక్కువ పనికివస్తావని అధికారుల ఉద్దేశం. కాని ఆ కారణం అతనికి చెప్పరు, పొమ్మంటారు. పిల్ల తండ్రీ అన్నా, వీడు వరుసలో నిలబడనే లేదని చెపుతారు. సైనికుని ఉడుపులు తొడుగుకొనేవరకు నాతో మాట్లాడవద్దంటుంది ఆమె. జానీ మౌనంగా పోయి ఇంజను చక్రాలను కలిపే ఇనుపకడ్డీమీద కూర్చుంటాడు. ఇంజను కదులుతుంది. కడ్డీతోపాటు అతడు పైకి లేస్తాడు, క్రిందికి దిగుతాడు, మళ్లీ లేస్తాడు. తనకు తెలియనే తెలియదు. అవమానపడ్డ మనిషి ఇంతకంటె మాట్లాడవలసిన పని లేదు.

శత్రువులు ఇంజనును ఎత్తుకొనిపోతే ఒక్కడే వెంటబడతాడు. అందులో ఆమె కూడ చిక్కుకొన్నదని అతనికి తెలియదు. అతడు పరుగెత్తినది ఇంజను కోసమే. ఈ సంగతి పాఠకులు గమనించాలి. పిల్లమెప్పు కోసం చేసిన ప్రయత్నం బెడిసింది. తనకు వచ్చిన పనిమీద ప్రేమతో చేసిన ప్రయత్నం ఫలించింది. తిరుగుప్రయాణంలో ఇద్దరూ కలిసి ఇంజను నడుపుతారు. పొయ్యిలో కట్టెలు వేయమంటే ఆమె చిన్న పుల్ల ఒకటి వేసి, చీపురు తీసుకొని ఇంజను ఊడుస్తూ ఉంటుంది. విసుగెత్తి అతడు ఇంకా చిన్న పుల్ల ఒకటి చేతికిస్తాడు. ఆమె దానినీ శ్రద్ధగా పొయ్యిలో వేస్తుంది. మెడ పట్టుకొని ఒక ఊపు ఊపబోయి, మరుక్షణమే ముద్దు పెట్టుకొంటాడు. మా దృష్టిలో వారి వివాహం అక్కడే అయిపోయింది. దంపతులంటే ఒక ఇంజనుమీద ఇద్దరు. ఒకరి తెలివితక్కువకు ఒకరు విసుగుకొని, మళ్లీ దగ్గరకు తీసుకొనేవారు.

కడకు అతనికి లెఫ్టినెంటు ఉడుపులు వస్తవి. అదే ఇనుపకడ్డీమీద ఇద్దరూ కూర్చుంటారు. ముద్దు పెట్టుకోబోతే ప్రతి సిపాయీ వచ్చి సలాము చేస్తాడు. తిరిగి సలాము చేయక తప్పదు. చివరకు చోటు మార్చుకొని, ముద్దు ఆపకుండ కుడిచేత్తో సలాములు కొడుతూ ఉంటాడు. గౌరవం వచ్చింది, దానితోపాటు దాని తద్దినమూ వచ్చింది!

అయితే ఒక్కమాట దాచరాదు. జానీ తొడిగిన ఆ ఉడుపులు బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన పక్షానివి. ఆ ప్రశ్న చిత్రంలో ఎవరికీ రాదు. ఉడుపులను బట్టి మనిషిని కొలిస్తే వచ్చే ప్రమాదం ఇదే. ఆ ఉడుపులు దేనికి గుర్తో అడగడం మరచిపోతాము.

ఉడుపుల సంగతి అట్లుండగా, డబ్బు సంగతి 1925 నాటి ‘సెవెన్ ఛాన్సెస్’లో చెప్పాడు కీటన్. కథానాయకుడు మేరీ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు, చెప్పలేడు. ఋతువులు మారుతవి, వాకిట్లోని కుక్కపిల్ల పెరిగి పెద్ద కుక్క అవుతుంది, మాట మాత్రం బయటికి రాదు. ఇంతలో తాత వ్రాసిన వీలునామా బయటపడుతుంది. ఇరువదియేడవ పుట్టినరోజు సాయంకాలం ఏడుగంటలలోగా పెండ్లి చేసుకొంటేనే డెబ్బది లక్షల డాలర్లు. ఆ పుట్టినరోజు నేడే! పరుగెత్తిపోయి మేరీని అడుగుతాడు, ఒప్పుకొంటుంది. అంతటితో ఆగక, ఎవరినో ఒకరిని నేడు చేసుకోక తప్పదని కారణం చెప్పి చెడగొట్టుకొంటాడు. ఆమె కాదంటుంది. మిత్రుడు పత్రికలో ప్రకటన వేయిస్తే, పెండ్లిముసుగులు వేసుకొని వందలకొలది స్త్రీలు చర్చి నిండిపోతారు. వారు తరుముతూ ఉంటే కొండ దిగే వరునివెంట చిన్నా పెద్దా బండలు దొర్లుకొంటూ వస్తవి. తీరా మేరీ ఇల్లు చేరేటప్పటికి వేళ మించిపోయిందని గడియారం చెపుతుంది. డబ్బున్నా లేకపోయినా చేసుకొందామంటుంది ఆమె. నా కష్టంలోకి నిన్ను లాగనంటాడు అతడు. ఆమె ఆ మాట అన్న తరువాతనే చర్చి గడియారంలో ఇంకా ఏడు కాలేదని కనిపించడం కథలోని చమత్కారం. డబ్బు వచ్చింది, కాని అది రాకముందే పరీక్ష ముగిసింది.

ఇంతవరకు చెప్పినవన్నీ మగవాని పరీక్షలు. మరి స్త్రీ? ఈ చిత్రాలలో ఆమె మేడమీదనో, పెండ్లిపీటలమీదనో ఎదురుచూస్తూ ఉంటుంది. ఆమెకు తగినవాడెవరో చెప్పడానికి మేడలూ ఇంజనులూ బండలూ ఉన్నవిగాని, ఆమె నోరు తక్కువ.

మన మూకీలలో పరీక్ష తలక్రిందులుగా ఉండేది. పెండ్లికి ముందు కాదు, పెండ్లి అయిన తరువాత. మగవానికేకాక ఇల్లాలికి కూడ, ఒక్కొక్కప్పుడు అతనికంటె ఎక్కువగా. 1913 మే 3న బొంబాయిలో జనం చూచిన ఫాల్కే గారి ‘రాజా హరిశ్చంద్ర’లో సత్యం భర్తది, అమ్ముడుపోయినది తారామతి, కొడుకును కాటికి మోసినది తారామతి. 1914లో ఆయనే తీసిన ‘సత్యవాన్ సావిత్రి’లో యమునివెంట నడిచినదీ ఇల్లాలే. విచిత్రమేమంటే తారామతి వేషం వేయడానికి ఒక స్త్రీ కూడ దొరకలేదు. సినిమాలో ఆడడం పరువుతక్కువ అనుకొన్న కాలం అది. వంటపని చేసుకొనే సాలుంకే అనే యువకుడు చీరకట్టి మహాపతివ్రతగా నిలిచాడు. అదే సమయంలో ఫాల్కే గారి భార్య సరస్వతీబాయి, చిత్రానికి పనిచేసే వారందరికీ వండిపెడుతూ, ఫిల్ము అంచులకు రంధ్రాలు వేయడం, కడగడం వంటి పనులు నేర్చుకొని చేస్తూ ఉండేది. తెరమీది ఇల్లాలి పరీక్షను లోకం చూచి కన్నీరు పెట్టింది. తెరవెనుక ఇల్లాలి పరీక్షకు ప్రేక్షకులు లేరు.

మన తెలుగువారి మొదటి మూకీ మరీ ఆశ్చర్యం. వెంకయ్య గారి కుమారుడు ఆర్. ప్రకాశ్ విదేశంలో విద్య నేర్చి వచ్చి 1921 ప్రాంతంలో ఈ చెన్నపట్నంలోనే తీసిన చిత్రం ‘భీష్మ ప్రతిజ్ఞ’. తండ్రి పెండ్లికోసం తన పెండ్లి మానుకొన్న కొడుకు కథ అది. అమెరికావాడు పెండ్లికోసం గోడ ఎక్కి యోగ్యుడయ్యాడు. మన దేవవ్రతుడు పెండ్లి వదలుకొని యోగ్యుడయ్యాడు. ఒకచోట వ్యక్తి గెలుపు, ఒకచోట కుటుంబం కోసం త్యాగం. రెంటిలోను ఒక పోలిక ఉన్నది: సత్యవతిని గాని, మేడమీది అమ్మాయిని గాని, నీకేమి కావాలని ఎవరూ అడగలేదు.

అడిగిన చిత్రం ఒకటి ఉన్నది. జర్మనీనుంచి అమెరికా వచ్చిన మూర్నౌ 1927లో తీసిన ‘సన్‌రైజ్’. పల్లెటూరి రైతు పట్నపు స్త్రీ మోజులో పడి, భార్యను పడవలో తీసుకుపోయి ముంచివేయబోతాడు. చేయి ఆడదు. ఆమె భయంతో పారిపోయి ట్రాము ఎక్కుతుంది, అతడూ ఎక్కుతాడు. పట్నంలో ఆమె వెంట వెంట నడుస్తాడు, రొట్టె కొనిపెడతాడు, ఆమె తినలేదు. ఒక చర్చిలో ఎవరిదో వివాహం జరుగుతూ ఉంటే ఇద్దరూ వెనుక కూర్చుంటారు. పెండ్లికొడుకుచేత చేయించే ప్రమాణాలు వింటూ విననట్లు కూర్చున్న ఆ మొగుడు, ఒక్కసారిగా భార్య ఒడిలో తలపెట్టి ఏడుస్తాడు. బయటికి వచ్చేటప్పుడు వారే క్రొత్త దంపతులవలె ఉంటారు. ఇక్కడ పరీక్ష పెట్టినవారు మామగారు కాదు, సైన్యాధికారి కాదు, వీలునామా కాదు. అన్యాయం పొందిన భార్య ముందు భర్త నిలబడ్డాడు. క్షమించడమా మానడమా అన్నది ఆమె చేతిలో ఉన్నది. ఇల్లాలిగా నటించిన జానెట్ గేనర్ కు, ఈ చిత్రంతోబాటు మరి రెండు చిత్రాలకుగాను, ఉత్తమనటిగా మొట్టమొదటి అకాడమీ బహుమానం లభించింది.

చివరకు చాప్లిన్ దగ్గరకు వస్తాము. టాకీలు లోకాన్ని ముంచెత్తిన తరువాత, 1931లో, సంగీతం తప్ప మాటలు లేకుండ పట్టుబట్టి తీసిన చిత్రం ‘సిటీ లైట్స్’. పూలమ్మే గ్రుడ్డిపిల్ల, కారు తలుపు చప్పుడు విని, దేశదిమ్మరిని ధనవంతుడనుకొంటుంది. అతడు కాదనడు. ఆమె కండ్ల వైద్యానికి డబ్బు తెచ్చి ఇచ్చి, ఆ డబ్బు మూలంగానే దొంగ అనిపించుకొని జైలుకు పోతాడు. తిరిగివచ్చేటప్పటికి ఆమెకు చూపు వచ్చింది, పూలకొట్టు పెట్టుకొన్నది. వీథిలో చింకిగుడ్డలవాని చేతిలో జాలిపడి నాణెం పెడుతుంది. ఆ చేయి తగలగానే ఆమె వ్రేళ్లు గుర్తుపట్టినవి. “మీరా?” అంటుంది. అతడు తల ఊపుతాడు. తరువాత ఏమైందో చాప్లిన్ చెప్పలేదు.

ఆ కుర్రవాని ప్రశ్నకు మాకు ఇక్కడ జవాబు దొరికింది. మేడ ఎక్కడానికి కావలసిన ధైర్యం ఒకటి. నేను ఇంతేనని చెప్పి, ఎదుటివారి ముఖంలోకి చూస్తూ నిలబడడానికి కావలసిన ధైర్యం వేరొకటి. మొదటిదానికి వీథివీథంతా చప్పట్లు కొడుతుంది. రెండవది ఒక్క మనిషి ఎదుట జరిగేది. అక్కడ కాలు జారితే పట్టుకోవడానికి గడియారం ముల్లు కూడ ఉండదు. అందుకే మగవాడు తరచు మేడనే ఎన్నుకొంటాడు. ఆ అమ్మాయి మేనేజరును అడిగిందని మేము చిత్రమంతా వెదకినాము. అడగలేదు. మేనేజరును కల్పించినది అతని ఉత్తరాలే.

కీటన్ బ్రతుకే దీనికి సాక్ష్యం. వైభవం నాటి వివాహం 1921లో జరిగి 1932లో విడాకులతో ముగిసింది. ‘ది జనరల్’ విడుదలైనప్పుడు ఆదరణ పొందలేదు, 1928లో స్వంత నిర్మాణం వదలుకొని పెద్ద కంపెనీలో చేరవలసివచ్చింది, త్రాగుడు పట్టుకొన్నది. పేరంతా మాసిపోయిన పిమ్మట 1940లో ఎలియనోర్ నోరిస్ అనే నర్తకి ఆయనను వివాహమాడి, 1966లో ఆయన కన్నుమూసేవరకు తోడునిలిచింది. ఏ ఉడుపులూ తొడిగి రమ్మనలేదు.

నేడు మన ఇండ్లలో పెండ్లి సంబంధాలు వెదికేటప్పుడు పిల్లవాని జీతం, కొలువు, ఊరిలో ఇల్లు, పిల్ల చదువు, రంగు అన్నీ కాగితంమీదికి ఎక్కిస్తాము. ఆ కాగితం కూడ ఒక విధంగా ఊరికి వ్రాసిన ఉత్తరమే. దానిలో ఎంత మేనేజరు ఉన్నాడో, ఎంత గుమాస్తా ఉన్నాడో మనకు తెలుసు. పిల్లలను మేడలు ఎక్కమనడం తప్పుకాదు. ఎక్కకపోతే ఈ పరాయి నేలమీద మనం ఇంతవాళ్లమయ్యేవాళ్లమే కాదు. కాని దిగివచ్చిన తరువాత నిజం చెప్పుకొనేటందుకు ఇంట్లో ఒక చాప పరచి ఉంచడం పెద్దలుగా మన పని. ఈ సంవత్సరం ఎవరి రాశికి రాజపూజ్యం ఎంత వచ్చినా, అవమానం ఎంత వచ్చినా, ఆ రెండూ చెప్పుకోదగిన మనిషి ఒకరు ఇంట్లో ఉంటే ఆదాయవ్యయాలు వాటంతట అవే సరిపడతవి. ఆ కుర్రవానికి ఈ మాటే చెప్పాము. “అయితే మా నాన్న మొదటి ఉద్యోగం ఏమిటో అడుగుతాను” అని ఇంటికి పరుగెత్తాడు.